మొదటి పాఠంలో లేని ప్రశ్న

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఒకే ప్రశ్నకి మూడు జవాబులుండేవి. నాన్నదొకటి, నాదొకటి, అమ్మదొకటి. ప్రశ్నేంటో బెజవాడలో అద్దెకి ఇల్లు వెతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు. గేటు గడియ తీయకముందే వస్తది. "మీరేవిట్లండీ?" అంటారు. కులమేంటని మొహం మీద అడిగితే మర్యాదగా ఉండదు కదా, అందుకని చివర్లో ఒక 'అండీ' తగిలిస్తారు.

వన్‌టౌన్‌లో మేముండే ఇల్లు అపార్ట్‌మెంటు కట్టడానికి ఇచ్చేశారు. బళ్ళు తెరిచేలోపు ఖాళీ చెయ్యమన్నారు. నాన్న లాజరు, బస్సుల గ్యారేజీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. అమ్మ దానమ్మ లేడీస్ హాస్టల్లో వంట చేస్తది. నేను డయానా. హైదరాబాద్‌లో కోడ్ రాసుకునేదాన్ని. ఒక శుక్రవారం వీడియో కాల్‌లో "మీ ప్రయాణానికి ధన్యవాదాలు" అని చెప్పి కంపెనీ వాళ్ళు నా లాప్‌టాప్ లాక్ చేశారు. మా క్లయింటు ఫ్రాన్సువాడు కాబట్టి కంపెనీ ఖర్చుతో ఫ్రెంచ్ నేర్చుకున్నాను. లాప్‌టాప్ తీసుకున్నారు గానీ ఫ్రెంచ్ వెనక్కి తీసుకోవడం వాళ్ళకి రాలేదు.

ఆ ఫ్రెంచే నాకు గవర్నర్‌పేటలో ఉద్యోగం ఇప్పించింది. పెళ్ళికార్డుల షాపు మీద మేడ, దాంట్లో కిరణ్‌కుమార్ గారి స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్. కెనడా వెళ్ళేవాళ్ళకి ఫ్రెంచ్ వస్తే పాయింట్లు కలుస్తాయని ఎవరో చెప్పేసరికి బోర్డు మీద ఫ్రెంచ్ కూడా రాయించాడాయన. నేర్పేవాళ్ళు దొరక్క మూణ్ణెల్లు ఊరికే వేలాడింది ఆ బోర్డు.

"మీదే ఊరు మేడం?" అన్నాడు ఇంటర్వ్యూలో.

"చల్లపల్లి పక్కన సార్."

"పక్కనంటే ఎక్కడ?"

"పక్కన పల్లె."

పల్లె అన్నాక ఆయన ఇంకేం అడగలేదు. మా కృష్ణాజిల్లాలో పల్లెంటే ఊరికి ఎడంగా ఉండే పేట, ఆ ఒక్క మాటకి ఇంటి నెంబరుతో సహా తెలిసిపోద్ది. పెన్ను క్యాప్ తీశాడు, పెట్టాడు. "ఒక పని చేద్దాం. పాండిచ్చేరి అందాం."

"దేనికి సార్?"

"ఫ్రెంచ్ కదండీ. నెల్లూరు చేపల పులుసు నెల్లూరోళ్ళు వండారంటేనే గిరాకీ. వేరే ఉద్దేశం ఏం లేదు."

వేరే ఉద్దేశం ఏం లేదని ఎవరూ అడక్కుండానే చెప్పాడంటే ఉన్నట్టే. నేను ఊరుకున్నాను. మర్నాటికల్లా మెట్ల దగ్గర ఫ్లెక్సీ వేలాడింది. 'పాండిచ్చేరి ఫ్యాకల్టీ' అని, కింద నా ఫొటో. పాండిచ్చేరి నేనొక్కసారే వెళ్ళాను, ఇంజనీరింగ్ టూర్లో. బస్సు టైరు పంచరైతే బీచ్ రోడ్డు పక్కన నుంచుని ఐస్‌క్రీం తిన్నాం. అదే నా స్వస్థలం అయిపోయింది.

మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. కలిసినప్పుడు ఏమనాలి, మనమెవరో ఎలా చెప్పుకోవాలి. బోన్‌జూర్ అంటే నమస్కారం. జ మాపెల్ ఫలానా అంటే నా పేరు ఫలానా. జాబీత్ ఆ విజయవాడ అంటే నేనుండేది విజయవాడలో. జ సుయి అని చేసే పని చెప్పాలి. అవతలివాళ్ళు పేరు చెప్పగానే మన పేరు చెప్పి, ఆన్షాంతే, కలిసినందుకు సంతోషం అనాలి. ఇంతే. ఇద్దరిద్దర్ని నుంచోబెట్టి మాట్లాడించాను.

దుర్గాశంకర్ అని చీరల హోల్‌సేల్ వాళ్ళబ్బాయి, సుస్మిత అని డిగ్రీ అయిపోయిన పిల్ల. దుర్గాశంకర్ బాగానే మొదలెట్టాడు.

"కొమాన్ వూ జప్లే వూ?" మీ పేరేంటని.

"జ మాపెల్ సుస్మిత."

"ఆన్షాంతే. ఇంటిపేరేంటండీ?"

"తెలుగొద్దండీ దుర్గాశంకర్ గారూ," అన్నాను.

"సారీ మేడం. మరి ఇంటిపేరేంటని ఫ్రెంచ్‌లో ఎలా అడగాలి?"

"మొదటి పాఠంలో ఆ ప్రశ్న లేదండి."

"పేరొక్కటే తెలిస్తే సగం మనిషే తెలిసినట్టు ఉంటది మేడం," అన్నాడు అమాయకంగా. క్లాసంతా నవ్వింది. అతను చెడ్డవాడేం కాదు. ఆ వెంటనే సుస్మితని ఏ ఊరన్నాడు, ఆ ఊళ్ళో ఫలానావాళ్ళు తెలుసా అన్నాడు, మీ తాతగారు ఏం చేసేవారన్నాడు. మేం చిన్నప్పటి నుంచీ చూసిన గరాటు ఇదే. పైన వెడల్పుగా ఉంటది, పోనుపోను సన్నబడుద్ది, చివర్లో ఒకే చుక్క రాలుద్ది. వెనక బెంచీల్లో ఇంకో రెండు జంటలు కూడా ఫ్రెంచ్ వదిలేసి అదే గరాటులో దిగిపోయాయి.

తర్వాత నా వైపు తిరిగాడు. "మేడం, మీ ఇంటిపేరు?"

"పాండిచ్చేరిలో ఇంటిపేర్లుండవండి. ఇనీషియలే."

చూడండి, అబద్ధం ఎంత తొందరగా ఇల్లు కట్టుకుంటదో. మాకే ఇంకా దొరకలేదు.

*

ఇంట్లో నేను రేపటి క్లాసు గట్టిగా చదువుకుంటుంటే అమ్మ పోపు వేస్తా వింటా ఉండేది. ఒకరోజు గరిటె పట్టుకుని వచ్చి నా పక్కన నుంచుంది.

"ఇంతేనా?"

"ఏంటమ్మా ఇంతేనా?"

"పేరు, ఉండే ఊరు, చేసే పని. ఇంకేం అడగరా ఆళ్ళు?"

"మొదటి పాఠంలో ఇంతే."

అమ్మ గరిటె రెండో చేతిలోకి మార్చుకుంది. "మరి అద్దెకి ఇళ్ళెట్టా ఇస్తారే?"

నాకు నవ్వొచ్చింది. అమ్మకి రాలేదు. "నా గురించి చెప్పు, ఎట్టా చెప్పాలో," అంది. చెప్పాను. బోన్‌జూర్ తేలిగ్గానే వచ్చింది. జ మాపెల్ దానమ్మ ఇంకా తేలిక. వంటమనిషిని అనే మాట దగ్గర నాలిక తిరగలేదు. క్విజీనియేర్. కందిపప్పు కడుగుతా అనేది, హాస్టల్ నుంచి వస్తా మెట్ల మీద అనేది.

"క్విజీనియేరంట," అన్నాడు నాన్న పేపరు మడిచి. "నీకెందుకే ఈ వయసులో?"

"నువ్వు రిటైరయ్యాక కీబోర్డు నేర్చుకోలా? చర్చిలో నీ వాయింపుడు దేవుడు భరిస్తన్నాడా లేదా?"

నాన్న మళ్ళీ పేపరు తెరిచాడు.

ఆ వారమంతా నాన్నా నేనూ టూ-లెట్ బోర్డులు పట్టుకుని తిరిగాం. బెజవాడ ఎండకి తారు చెప్పుకి అంటుకుంటంది. నాన్న పద్ధతి ఒకటే. అడిగారా, చెప్పేస్తాడు. "క్రిస్టియన్సండి." దాచడం ఆయనకి రాదు, ఇష్టమూ లేదు. అవతల నుంచి రకరకాల జవాబులొచ్చేవి. మాకేం పట్టింపుల్లేవండి, మా అత్తగారికే. ఇందాకే ఎవరో అడ్వాన్సిచ్చి వెళ్ళారండి, బోర్డు తీయడం మర్చిపోయాం. వాస్తు ప్రకారం ఆ పోర్షన్‌లోకి నలుగురుండే ఫ్యామిలీ రావాలండి. మేం ముగ్గురం. ఇంకొకర్ని ఎక్కణ్ణించి తెచ్చేది?

ఒక చోట మాత్రం గేటు మీద శిలువ గుర్తు చూసి నాన్న మొహం వెలిగింది. "వందనాలండీ!" అన్నాడు లోపలికి వెళ్తానే. ఇంటాయన పాల్ గారు, పెద్దమనిషి, "వందనాలు, వందనాలు, రండి" అని కుర్చీలేయించాడు. ఏ చర్చి, ఏ పాస్టరు, నాన్నకి కీబోర్డొచ్చని తెలిసి ఇంకా సంతోషం. ఇల్లొచ్చేసిందనే అనుకున్నాను. మంచినీళ్ళు తాగుతుంటే ఆయన కొంచెం ముందుకి వంగాడు.

"ఇంతకీ బ్రదర్, మీరు మొదట్నించీ క్రిస్టియన్సేనా?"

"మా తాతల నుంచండి."

"అది సరే. తాతలకి ముందు ఏవిట్లు?"

నాన్న గ్లాసు కింద పెట్టాడు. తాతలకి ముందు ఎవరో కూడా చెప్పాడు, సూటిగా, తల ఎత్తి. పాల్ గారు ప్రార్థనలో పెట్టుకుంటానన్నారు. ఇల్లు మాత్రం వాళ్ళ బావమరిదికి ఇద్దామనుకుంటున్నారంట, ఇప్పుడే గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్తే అమ్మ తోటకూర తుంచుతా వింది.

"నేను దాచనంతే," అన్నాడు నాన్న. "నిజం చెప్తా. ఇస్తే ఇస్తారు, లేకపోతే పోతారు."

"నిజం చెప్పి ఎన్నాళ్ళు తిరుగుతాం నాన్నా?" అన్నాను. "పాండిచ్చేరి అంటే ఎవరూ మారు మాట్లాడరు. నేను రోజూ అంటున్నాగా."

"ఆగండి ఇద్దరూ," అంది అమ్మ. "ఆయనేమో అడిగారని చెప్తాడు. ఇదేమో అడిగారని దాస్తది. అడగడమేంటయ్యా అని మీ ఇద్దరిలో ఒక్కరూ అనరే?"

తోటకూర కాడ ఫట్‌మని విరిగింది.

*

మే నెల నడిమధ్యలో సుస్మిత క్లాసయ్యాక ఆగింది. "మేడం, మీరు ఇల్లు చూస్తున్నారంట కదా? సూర్యారావుపేటలో మా పైపోర్షన్ ఖాళీగా ఉంది. అమ్మమ్మకి చెప్పాను. ఫ్రెంచ్ మేడం అంటే ఎగిరి గంతేసింది."

కిరణ్‌కుమార్ గారు పక్క గదిలోంచే విన్నాడు. సుస్మిత దిగి వెళ్ళగానే వచ్చాడు. "మంచి ఛాన్సు మేడం. వాళ్ళ అమ్మమ్మ సంపూర్ణమ్మగారంటే ఆ వీధిలో పెద్ద పేరు. వాళ్ళ చుట్టాలే మన దగ్గర నలుగురు జాయినయ్యారు. అక్కడ మాత్రం తేడా రానీకండి. పాండిచ్చేరి అంటే పాండిచ్చేరే. మీకు ఇల్లు దొరుకుద్ది, నాకు బ్యాచ్ నిలబడుద్ది."

బళ్ళు తెరవడానికి ఎన్నో రోజుల్లేవు. మా ఇంటి పక్కవాటా అప్పటికే పడగొట్టేశారు. మా వంటింటి గోడ అవతల ఆకాశం కనపడతంది, అన్నంలో సున్నం రాలతంది. ఆదివారం ఆరాధన కాగానే ముగ్గురం ఆటో ఎక్కాం.

"నేను నోరు తెరవను," అన్నాడు నాన్న. "తెరిస్తే నిజమే వస్తది. అందుకని తెరవను."

"అమ్మా, నువ్వు?"

అమ్మ పట్టుచీర కొంగు సర్దుకుంది. "నీ మాటకి నేనడ్డం రాను. నన్నడిగితే మాత్రం నాకొచ్చింది నేను చెప్తా."

ఆ మాట నేను సరిగ్గా వినాల్సింది.

సంపూర్ణమ్మగారి వరండా నిండా మామిడికాయ ముక్కలు. ఆవకాయ పెడుతున్నారు. చాప మీద పాత పంచె పరిచి, దాని మీద గుట్టగా ముక్కలు. ఆవిడ ఎత్తు పీట మీద కూర్చుని ఒక్కో ముక్క తీసుకుని, జీడి తీసేసి, పొర గీకి, పొడిగుడ్డతో తుడిచి పళ్ళెంలో వేస్తా ఉంది. పచ్చికాయ వాసన వీధి చివరిదాకా వచ్చింది.

"రండి రండి! కూర్చోండి. మజ్జిగ తాగి వెళ్దురుగాని. చేతులు ఖాళీ లేవు, ఏవనుకోకండి." పిలుపులో నిజమైన ఆప్యాయత ఉంది. అది నేను కాదనను. "అమ్మాయ్, మా సుస్మిత పొద్దస్తమానం నీ పేరే. నిద్రలో కూడా బోన్‌జూర్ అంటంది."

అమ్మ కుర్చీలో కూర్చుని రెండు నిమిషాలు ఓపిక పట్టింది. తర్వాత చెయ్యి ఊరుకోలా. ముందుకి వంగి ఒక ముక్క తీసుకుని జీడి గీకింది. సంపూర్ణమ్మగారు నవ్వింది. "ఊరికే కూర్చోలేని మనిషిలా ఉన్నారే! నాకూ అదే జబ్బు. ఇదిగోండి, గుడ్డ తీసుకోండి." ఆవిడే అందించింది. అమ్మ కుర్చీ వదిలి చాప మీద కూర్చుంది. ఇద్దరూ ఒకే గుట్టలోంచి తీస్తా, ఒకే పళ్ళెంలో వేస్తా, ఈ ఏడాది కాయ పులుపు తక్కువని, కారం గుంటూరు నుంచి తెప్పించాలని కబుర్లు. నాన్న ఫ్యాన్ వంక చూస్తా ఉన్నాడు. అది కిచకిచలాడతంది. బాగుచెయ్యమంటే బాగుండని ఆయన చేతులు చూస్తే తెలుస్తంది.

"మీది పాండిచ్చేరంట కదా," అంది సంపూర్ణమ్మగారు. "తెలుగు మాత్రం అచ్చం మనలాగే ఉంది."

"అక్కడ కూడా చాలామంది..." అని నేను మొదలెట్టాను.

"ఆఁ ఆఁ, యానాం కూడా ఆ లెక్కలోదేగా," అని ఆవిడే నాకు సాయం చేసింది. అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నాను. పైపోర్షన్ తాళంచెవి సుస్మిత చేతిలోనే ఉంది, వేలికి తగిలించుకుని తిప్పుతా ఉంది.

సంపూర్ణమ్మగారు ఒక ముక్క తుడిచి పళ్ళెంలో వేసి, చాలా మామూలుగా అడిగింది.

"ఇంతకీ మీరేవిట్లు?"

నా నాలిక చివర వాళ్ళకి నచ్చే కులం పేరొకటి తయారుగానే ఉంది. ఆ మాట అంటే చాలు. కానీ ఆవిడ చూసింది నా వంక కాదు, అమ్మ వంక.

అమ్మ చేతిలో ముక్క పూర్తిగా తుడిచింది. పళ్ళెంలో పెట్టింది. వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.

"బోన్‌జూర్ మదామ్. జ మాపెల్ దానమ్మ. జాబీత్ ఆ విజయవాడ. జ సుయి క్విజీనియేర్."

సుస్మిత చప్పట్లు కొట్టింది. "అమ్మమ్మా, ఆంటీకి కూడా వచ్చు!"

సంపూర్ణమ్మగారు పొట్ట కదిలేలా నవ్వింది. "అబ్బో, ఇంటిల్లిపాదీ ఫ్రెంచే! ఏవందే ఆవిడ?"

"నమస్కారమండీ, నా పేరు దానమ్మ, ఉండేది విజయవాడ, వంట చేస్తాను అంది."

"దానమ్మా?" ఆ పేరు దగ్గర ఆవిడ నవ్వు ఒక మెట్టు దిగింది. "బాగుంది. బాగుందిగానీ, నేనడిగింది అది కాదమ్మా. మీరేవిట్లని."

"మొదటి పాఠంలో ఆ ప్రశ్న లేదండీ," అంది అమ్మ.

ఎగతాళి లేదు ఆ గొంతులో. కోపం కూడా లేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. సుస్మిత తాళంచెవి తిప్పడం ఆపేసింది. నేను సంపూర్ణమ్మగారి కళ్ళు చూశాను. అవి మెల్లగా అమ్మ మొహం మీంచి అమ్మ చేతుల మీదకి, చేతుల మీంచి పళ్ళెంలో ముక్కల మీదకి దిగాయి.

అమ్మ కూడా చూసింది. ఇంకో ముక్క తీసుకుంది. తీరిగ్గా తుడిచింది.

"మీ పేరు మీరు చెప్పలా," అంది. "ఎదటోళ్ళు చెప్పాక మనం చెప్పాలంట. అదుంది పాఠంలో."

అంత పెద్దావిడ, ఆ వీధిలో అంత పేరున్న మనిషి, బళ్ళో పిల్లలా అయిపోయింది. "సంపూర్ణమ్మ," అంది.

"ఆన్షాంతే సంపూర్ణమ్మగారూ." అమ్మ గుడ్డని నాలుగు మడతలు పెట్టి పళ్ళెం అంచు మీద పెట్టి లేచింది.

మా అబ్బాయి ఊరెళ్ళాడు, రాగానే మాట్లాడి సుస్మితతో కబురు చేస్తానని ఆవిడంది. బెజవాడలో ఆ మాటకి అర్థం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మజ్జిగ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆటోలో నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఒక్క మాట అమ్మా. ఒక్క చిన్న అబద్ధం. ఈపాటికి తాళాలు మన చేతిలో ఉండేవి."

"ఉండేవి. తర్వాతో? మీ మేనమామ వస్తే మెట్ల మీదే పాండిచ్చేరి అని నేర్పాలా? క్రిస్మస్‌కి స్టారు ఎక్కడ కట్టుకోవాలి, పరుపు కిందా?"

నాన్న ఇంతసేపటికి నోరు తెరిచాడు. "ఆన్షాంతే అంటే ఏంటే?"

"కలిసినందుకు సంతోషమని."

"ఆవిడ మొహంలో నాకేం కనపళ్ళా సంతోషం," అని ఒక్కసారిగా పకపకా నవ్వాడు. పాల్ గారింటి నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే. ఆటో అతను కూడా ఎందుకో తెలీకుండానే నవ్వాడు.

*

సుస్మిత వారం దాకా క్లాసుకి రాలా. వచ్చిన రోజు తల దించుకునే కూర్చుంది. ఇల్లు గురించి నేను అడగలేదు. అమ్మ అడగమన్నది అడిగాను.

"ఆ ముక్కలేం చేశారు?"

పిల్లకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పనమ్మాయికి ఇచ్చేసింది మేడం. మొత్తం. నేను చాలా గొడవ పెట్టుకున్నాను."

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. "మొత్తమా?" అంది. "మొత్తం," అన్నాను. "పోన్లే. ఈ యేడు ఆ పనమ్మాయి ఇంట్లో మంచి ఆవకాయ తింటారు," అని తిరగమోత పెట్టుకుంది. గరిటె మూకుడు అంచుకి మామూలు కంటే గట్టిగా తగిలింది. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. నాన్నా నేనూ నోరెత్తకుండా తిన్నాం.

సోమవారం కొత్త బ్యాచ్. తలుపు దగ్గరే కిరణ్‌కుమార్ గారు పట్టుకున్నాడు.

"ఏంటి మేడం ఇది? సంపూర్ణమ్మగారు ఫోన్ చేశారు. మీ మేడంది పాండిచ్చేరి కాదంటగా అన్నారు."

"కాదుగా సార్."

"కాదని నాకూ తెలుసు! తెలిసే కదా పెట్టాం. ఇవాళ లోపలికెళ్ళి మామూలుగా పాండిచ్చేరి అనండి. లేదంటే మరి..."

లేదంటే ఏంటో ఆయన చెప్పలేదు. నేను లోపలికెళ్ళాను. బెంచీలన్నీ నిండిపోయి ఇద్దరు కిటికీ అరుగు మీద కూర్చున్నారు. మార్కర్ తీసుకున్నాను. అమ్మ వీపు నిటారుగా పెట్టుకోవడం గుర్తొచ్చింది.

"బోన్‌జూర్. జ మాపెల్ డయానా. జ వియాన్ ద చల్లపల్లి." అదే బోర్డు మీద రాశాను. "అంటే, మాది చల్లపల్లి."

ముందు బెంచీలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. "మేడం, బయట పాండిచ్చేరి అనుంది?"

"ప్రింటింగ్‌లో పొరపాటండి. చల్లపల్లి అని పడాలి."

"చల్లపల్లిలో ఫ్రెంచ్ ఎక్కడుంది మేడం?" అన్నాడు కిటికీ అరుగు మీద కుర్రాడు.

"మీ ఎదురుగా నుంచుంది."

అందరూ నవ్వారు. అద్దాల తలుపు అవతల కిరణ్‌కుమార్ గారు టీ గ్లాసుతో నుంచుని ఉన్నాడు. ఆయన చూపు నా మీంచి బెంచీల మీదకి, బెంచీల మీంచి కిటికీ అరుగు మీదకి వెళ్ళింది. సీట్లు నిండితే ఆయనకి సిద్ధాంతాలుండవు. టీ తాగేసి వెళ్ళిపోయాడు. మర్నాడు చూస్తే ఫ్లెక్సీ మీద 'పాండిచ్చేరి' అన్న చోట తెల్ల స్టిక్కరేసి 'అనుభవజ్ఞులైన' అని అంటించారు. అది కూడా అబద్ధమే. కానీ నా ఊరి జోలికి రాలేదు, పోనిమ్మన్నాను.

అప్పట్నించీ ఇళ్ళు చూడ్డానికి అమ్మే ముందు నడిచేది. ఎవరు ఏవిట్లన్నా అవే నాలుగు మాటలు. కొందరు నవ్వి తలుపేసేవాళ్ళు, కొందరు నవ్వకుండా వేసేవాళ్ళు. ఒకాయనైతే మతిస్థిమితం లేని మనిషనుకుని నాన్నని పక్కకి పిలిచి ఓదార్చాడు. నాన్న కూడా మారాడు. తన వంతు వస్తే, "మా ఆవిడ చెప్పిందేనండి," అనేవాడు.

చివరికి వన్‌టౌన్‌లోనే, తువ్వాళ్ళూ లుంగీల హోల్‌సేల్ గోడౌను మీద రెండు గదులున్నాయన్నారు. ఓనరు ఏడుకొండలు గారు షట్టరు దగ్గర నుంచుని గజంబద్దతో వీపు గోక్కుంటున్నాడు.

"ఏవిట్లమ్మా మీరు?"

అమ్మ నాలుగు మాటలూ చెప్పింది. బాగా అలవాటైపోయింది, ఇప్పుడు క్విజీనియేర్ అంటుంటే నాకంటే బాగా పలుకుతంది.

"ఏంటమ్మా అది, అరవమా?"

"ఫ్రెంచండి."

"ఫ్రెంచా! నేనడిగింది ఏవిట్లని."

"మొదటి పాఠంలో ఆ ప్రశ్న లేదండి."

ఆయన గజంబద్ద దించాడు. "మరి ఏముంది మొదటి పాఠంలో?"

"పేరు. ఉండేదెక్కడ. చేసే పని."

"అద్దె ఎప్పుడిస్తారో ఉందా?"

"అది రెండో పాఠం. ఒకటో తారీకు పొద్దున్నే."

హమాలీలు మూటలు దించడం ఆపి చూస్తన్నారు. ఏడుకొండలు గారు వాళ్ళ వంక, మా వంక చూసి, మీసం సవరించుకున్నాడు. "నేను చెప్పాలంటే ఎట్టా? ఏడుకొండలు, బట్టల వ్యాపారం."

నేను చెప్పాను. జ మాపెల్ ఏడుకొండలు, జ సుయి మార్షాన్. ఆయన రెండుసార్లు తప్పు పలికి మూడోసారి గట్టిగా, ఊరేగింపులో నినాదంలా అన్నాడు. హమాలీలు ఈలలేశారు.

ఆయనకేదో జ్ఞానోదయమైందని నేననను. తెల్లారకముందే ఆ సందులో తోపుడుబళ్ళ గోల మొదలవుద్ది, పైన ఎవరొచ్చినా రెణ్ణెల్లకి మించి నిలవట్లేదంట. మళ్ళీ అడగబోయి నోరు తెరిచాడు, మూసుకున్నాడు. మొలలోంచి తాళంచెవి తీసి అమ్మ చేతిలో పెట్టాడు. "నీళ్ళ మోటారు నాకు చెప్పకుండా వెయ్యొద్దు," అన్నాడు. ఇంటి ఓనరు నోట అంత తియ్యటి మాట నేనెప్పుడూ వినలా.

సామాను దించే రోజు తొలకరి పడింది. నాన్న కీబోర్డుకి గొడుగు పట్టాడు, తను తడిశాడు. అమ్మ గ్యాస్ పొయ్యి చంకనెత్తుకుని మెట్ల దగ్గరికొచ్చేసరికి ఎదురు మేడ మీంచి ఒకావిడ బట్టలు తీస్తా వంగి చూసింది.

"కొత్తగా దిగారా అమ్మా? ఏవిట్లు మీరు?"

అమ్మ పొయ్యి సర్దుకుని తలెత్తేలోపే షట్టరు కింద నుంచి, తువ్వాళ్ళు కొలుస్తా, తల కూడా తిప్పకుండా, ఏడుకొండలు గారు కేకేశాడు.

"మొదటి పాఠంలో లేదంట!"

"ఏ పాఠం బాబాయ్ గారూ?"

"ఏమో, నాకేం తెలుసు! ముందు నీ పేరు చెప్పాలంట."

ఆవిడ తడిచీర భుజానేసుకుని పిట్టగోడ మీంచి ఇంకాస్త వంగింది. "నా పేరా? రావమ్మ."

"ఆన్షాంతే రావమ్మగారూ," అని పొయ్యి చంకలో పెట్టుకునే అమ్మ మెట్లెక్కింది.